విత్తనాల కొట్టు మీద గది

ఇంద్రజ మేడం అక్కయ్య రాజేశ్వరి గారికి, మనకోసం ఈ గోడౌను ఖాళీ చేయించిన ధనుంజయరావు బాబాయి గారికి, నరసరావుపేట నుంచీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ వచ్చిన మీ అందరికీ నమస్కారం. కుర్చీలు చాలక పక్క కొట్టు నుంచి తెప్పించాం. ఇంతమంది వస్తారనుకోలేదు.

ఇంద్రజ మేడం పోయి పదకొండు రోజులైంది. మనసు బాగాలేదని చెప్పుకోవడానికి ఈ ఊళ్ళో మనకొక మనిషి ఉండేవారు. ఇప్పుడు లేరు.

నేను బయలుదేరుతుంటే మా అమ్మ ఒక మాట అంది. "ట్యూషన్ చెప్పిన మేడం అను. అంతకన్నా ఏం చెప్పమాక. రేపు సంబంధాలు చూడాలి." అమ్మ మూడో వరసలో కూర్చుంది. ఆ మాట అనాలో వద్దో నాకింకా తేలలేదు.

మేడం కౌన్సెలింగ్ చేసే గది బాబాయి గారి విత్తనాల కొట్టు మీద. ఆ మెట్లెక్కుతుంటే ఎవరైనా చూస్తే? పిచ్చి డాక్టరు దగ్గరికి పోతున్నారంటారు. మరి వచ్చినవాళ్ళు ఏం చేసేవాళ్ళు? దిగి వచ్చేటప్పుడు ఒక బెండ విత్తనాల ప్యాకెట్ కొని, బయటికి కనపడేలా పట్టుకుని నడిచేవాళ్ళు. బాబాయి గారికి ఆశ్చర్యం. "అమ్మా, అందరూ మిరపేస్తుంటే ఈ బెండ ఎవరు తింటున్నారు?" అని మేడంనే అడిగారట. మేడం చాలా సీరియస్‌గా, "మెదడుకి మంచిదటండీ" అన్నారట.

అంతే. ఒక్క పేరు చెప్పలేదు.

బెంజిమిన్ అన్న దాచేపల్లిలో సిమెంటు లారీ నడుపుతాడు. "నా పేరు పెట్టే చెప్పమ్మా" అన్నాడు కాబట్టి చెబుతున్నాను. ఒకరోజు కృష్ణ మీద వంతెన మధ్యలో ఆయనకి గుండె దడదడలాడింది, ఊపిరాడలేదు. చచ్చిపోతాననుకున్నాడు. గుండె డాక్టరు అన్నీ చూసి ఏమీ లేదన్నారు. అయినా ఆ తర్వాత వంతెన పేరెత్తితే చేతులు వణికేవి. బండి దిగి ఇంట్లో కూర్చున్నాడు. మేడం ఏం చేశారు? మొదటి రోజు వంతెన కనపడేంత దూరంలో కూర్చోబెట్టి టీ తాగించి తీసుకొచ్చారు. తర్వాత ఇద్దరూ నడిచి సగం దాకా వెళ్ళారు. దడ పుట్టినప్పుడు వెనక్కి తిరగనివ్వలేదు. "ఎక్కింది దిగుతుంది, చూద్దాం" అంటూ వాచీ చూసుకుంటూ పక్కనే నిలబడ్డారు. దిగింది. ఆరో వారం ఖాళీ లారీలో, పక్క సీట్లో మేడం. అవతలి ఒడ్డు చేరాక అన్న అడిగాడు, "మీకు భయం వెయ్యలేదా మేడం?" అని. "చానా వేసింది నాయనా. వంతెనకి కాదు, నీ డ్రైవింగ్‌కి."

నవ్వండి, ఫరవాలేదు. మేడం గదిలో నవ్వులే ఎక్కువ.

నూజెండ్ల వెంకటరమణమ్మ పెద్దమ్మ కూడా తన సంగతి చెప్పమంది. ఏడాదిపాటు మంచం దిగలేదు. ఇంట్లోవాళ్ళు బద్ధకమన్నారు, తాయెత్తు కట్టించారు. మేడం తాయెత్తు తీయించలేదు. "అది ఉండనీండి. గుంటూరు డాక్టరు రాసిన మాత్రలు మాత్రం మానొద్దు. రోజుకి ఒక్క పని చెయ్యండి. చేసినరోజు డబ్బాలో ఒక చింతగింజ వెయ్యండి" అన్నారు. వారం తర్వాత డబ్బాలో రెండే గింజలు. పెద్దమ్మ సిగ్గుతో తలొంచుకుంది. మేడం ఆ రెండూ అరచేతిలోకి తీసుకుని, "రెండుసార్లు లేచారా!" అన్నారట. ఇప్పుడు పెద్దమ్మ రోజూ తెల్లారకముందే లేస్తుంది. గింజలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది.

ఇక మా అమ్మ భయపడే మాట.

మేడం నాకు ట్యూషన్ చెప్పలేదు. నేను జాహ్నవిని. మేడం దగ్గర రెండేళ్ళు వైద్యం చేయించుకున్నాను. క్లాసులో నా పేరు పిలిస్తే పలకలేక కాలేజీ మానేసినదాన్ని. నాకు మేడం ఇచ్చిన మొదటి పని ఏమిటో తెలుసా? బస్టాండులో మాచర్ల బస్సు ఎన్నింటికని అడగడం. మూడుసార్లు నోరు పెగలక తిరిగొచ్చాను. నాలుగోసారి అడిగాను. కౌంటర్లో కూర్చున్నాయన తలెత్తకుండా "ఏంది? గట్టిగా అడుగు" అన్నాడు. గట్టిగా అడిగాను. "పోయింది" అన్నాడు. ఆ సంగతి చెబితే మేడం కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "పోతే పోనీ, మనం ఎక్కాలా ఏంటి?" అన్నారు. నేను మళ్ళీ కాలేజీకి వెళ్ళాను. డిగ్రీ పూర్తయింది. ఇప్పుడు కూడా చేతిలో కాగితం వణుకుతోంది. వణకనివ్వండి, చదవడానికి వీలుగానే ఉంది.

మేడం దగ్గరికి వెళ్ళినవాళ్ళు లేచి నిలబడండి అని అడగాలని ఇంటి దగ్గర రాసుకొచ్చాను. ఆ వాక్యం కొట్టేశాను. మేడం మన పేర్లు సొంత అక్కయ్య రాజేశ్వరి గారికి కూడా చెప్పలేదు. నా సంగతి చెప్పుకోవడం నా ఇష్టం. మీ సంగతి మీ ఇష్టం.

అందుకని అందరం లేద్దాం. చుట్టాలు, స్నేహితులు, ఆ మెట్లెక్కినవాళ్ళు, ఎక్కుదామని వచ్చి కిందే ఆగిపోయినవాళ్ళు. ఎవరు ఎందుకు లేచారో ఎవరూ అడగరు.

అమ్మా, నువ్వు అప్పుడే లేచావా.

మనమూ లేద్దాం. మేడం కోసం రెండు నిమిషాలు, మాటల్లేకుండా.