వదులు మూత

హలో… ఆ, నేనే, మీ నాన్ననే. ఇంకెవరెత్తుతరు నా ఫోను?… దుకాణంలనే ఉన్న. నువ్వేడున్నవ్ వీణా?… త్రీడీ ప్రింటర్ కాడనా? మంచిగుంది. దాన్ని బంద్ చేసి నేను చెప్పేది విను.

నీ మూత ఊడింది.

…ఏ మూత అంటవేంది? కుంకుమ భరిణె మూత! ప్రహ్లాద్ సేఠ్‌ది! బేగంబజార్ల ఆయన అమ్మే ఇత్తడి భరిణెలకు ప్లాస్టిక్ మూతలు గావాలె, శాంపిల్ యాభై చూపిస్తే పెద్ద ఆర్డర్ అనలే?… ఆ, నువ్వు ప్రింట్ కొట్టిచ్చిన డైతోనే, ఆ అచ్చుల పోసే చేసిన. ఇనుము కోస్తే నెలన్నర, ఇదైతే ఒక్కరోజు అని నువ్వే అంటివి గద… లేదు, డై పగల్లే. పీసు పీసుకు గాలి కొట్టి చల్లార్చుకుంట యాభై తీసిన. అది వేరే ముచ్చట. సేఠ్ వచ్చిండు, భరిణెకు మూత పెట్టిండు, బోర్లించి చూసిండు…

ఆ. నిండ కుంకుమ ఉండె.

నవ్వకు! పెండ్లికి పోయెటోడు, తెల్ల కుర్తా ఏసుకొచ్చిండు. ఇప్పుడు చూస్తే పెండ్లీ హోలీ ఆయనకే అయినట్టుంది… ఎదురుంగ ఇరానీ హోటల్ నల్ల కాడ కడుక్కుంటున్నడు. ఎంత కడిగితే అంత పాకుతుంది.

…నేనేమన్ననా? ఏమంట? "నా బిడ్డ కంప్యూటర్ల గడబడ చేసింది సేఠ్" అన్న… మరేమనాలె? పత్తర్‌గట్టి గల్లీల నలభై ఏండ్ల సంది సీమోను డై అంటే, నా డై అంటే… తెల్సు, నీకిది మొదటి పని అని తెల్సు… సేఠేమో "గీ బొమ్మల డైలు ఎవ్వరు చేయించుకోవద్దని బజారంత చెప్త" అంటుండు. ఇగ నీ ప్రింటర్‌కు దండేసి మూల పెట్టుకో.

…ఎందుకు కొలవాలె?… సరే తీ, అరవకు. వెర్నియర్ ఏడ పెట్టిన… ఆ, చాయ్ గ్లాస్ కింద. ఆగు… మూత లోపలి కొలత, అరవై ఒకటి పాయింట్ రెండు.

చూసినవా? భరిణె అరవై. మిల్లీమీటర్ పైన వదులు! నీ తప్పు గాదా?

…నేను ఫోటో తీసి పంపిన కాగితమా? ఈడనే ఉంది. అగో, నా చేతిరాతనే. అరవై ఒకటి పాయింట్ రెండు.

…

ఆగు ఆగు.

ప్లాస్టిక్ చల్లారితే కుంచించుకపోతది, అందుకని డై నూటికి రెండు పాళ్లు పెంచి కోస్తరు — నాకు నేర్పుతున్నవా అది?… ఆ రెండు పాళ్లు నువ్వు కలిపినవా?… నేను రాసిన కొలత మీదనా? ఎవరు కలుపుమన్నరే! నేను ముందే —

…

ఆ. అరవైకి నేను ముందే కలిపి రాసిన.

…కాగితం మీద ఎందుకు రాస్త? నలభై ఏండ్లు రాసుడు నేనే, కోసుడు నేనే. నెత్తిల ఉంటదది… నువ్వు అడిగినవా? ఎన్నడు?… "నాన్నా, ఇది మూత సైజా, డై సైజా" అన్నవా. నేనేమన్న?… "నాకే చెప్తున్నవా, పెట్టెయ్ ఫోను" అన్ననా… అనే ఉంట. నా మాట లెక్కనే ఉంది.

…

తలుపు దిక్కు చూస్తున్న. దానికి అడ్డం పెడ్తం జూడు, ఇనుప దిమ్మె… అవ్, చిన్నప్పుడు నువ్వెక్కి కూసునేదే. అది దువ్వెనల డై. నువ్వు పుట్టిన ఏడు చేసిన. రెండు నెల్ల పని, పండ్లన్నీ ఒక దిక్కు ఒరిగినయ్. ఆర్డరిచ్చిన పార్టీ పారిపోయిండని చెప్పిన మీ అమ్మకు… ఎవ్వడు పారిపోలే బిడ్డా. ఇనుములో తప్పు చేస్తే గంతే, తలుపు కాడ పడుంటది, రోజు కనపడ్తది. అందుకే మస్తు భయం నాకు. తప్పు నాది అనుడు ఇన్నేండ్లల్ల అలవాటే గాలే.

నీది దిద్దనీకి ఎన్ని రోజులు?… రేపు పొద్దుగాల్నా? కొత్త డై?… నిజంగ?… థూ, గిదేం పని! తప్పు చేసినోనికి ఏడ్వనీకి గూడ టైం ఇయ్యది.

…అగో, సేఠ్ వస్తుండు. కుర్తా గులాబి రంగైంది… వద్దు, నువ్వు మాట్లాడకు. నేనే చెప్త… ఏమో, నోరు తిరుగుతదో లేదో. కట్ చెయ్యకు, ఫోను బల్ల మీద పెడ్తున్న. వినుకో. రెండోపారి చెప్ప.

ఆయియే సేఠ్, బైఠియే. గడబడ నా బిడ్డది గాదు…

ఆ, ఈ సీమోనుది.