సముద్రం వేపు కిటికీ

కిటికీకి గోడెందుకు కట్టేసినారని అరవకండి బాబూ. మీ కాయితమ్మీద బొమ్మ తప్పు కాదు, మీరు తప్పింటికీ రానేదు. ఇదే ఆ ఇల్లు. ఇగ్గో, గుమ్మం మీద మీరు కొట్టించిన బిళ్ళ. కరెంటు పొదుపు ఇల్లు, మూడు నచ్చత్రాలు.

కూకోండి. ఈ ఎండలో బారువ నుంచి బండి మీదొచ్చినారు. ఫేనెయ్యమంటారా? ఏసే ఉన్నాది. అది ఇసిరేదే ఏడిగాలి, మరేటి సేత్తాం!

మీ సంస్థోళ్ళు సెప్పినట్టే కట్టినాం కదేటి! సముద్రం వేపు పెద్ద కిటికీ, ఈది వేపు సిన్నది. గాలి ఇలాగొచ్చి అలాగ పోవాలన్నారు. స్లాబు మీద తెల్ల సున్నం పుయ్యమన్నారు, పూసినాం. సీఎఫ్ఎల్ బల్బులెట్టమన్నారు, ఎట్టినాం. అలాగైతే కొత్తింటి అప్పులో రాయితీ ఇత్తామన్నారు, ఇచ్చినారు. మీ మాట అబద్దం కాదు బాబూ. మొదటేసంగి ఎండల్లో ఫేను మాటే మర్సిపోనాం. మా గుంట, నా కూతురు, ఒట్టి నేలమీద దొర్లుకుంటా నిద్దరోయేది. మీరే కదా మీటరు సూసి మెచ్చుకున్నారు?

ఆ తర్వాత మా అత్తొచ్చింది.

అప్పటిదాకా ఆమె సరుగుడు తోటెనకాల పాత తాటాకింట్లో ఉండేది. అక్కణ్ణుంచి సముద్రం అవుపడదు. మోకాళ్ళు పట్టేసినాయి, ఒక్కర్తీ ఎలాగుంటాదనీసి మా ఆయన పోలారావు తీసుకొచ్చినాడు. గాలి బాగా తగుల్తాదని మంచం ఆ కిటికీ కాడే ఏసినాడు. మంచికే ఏసినాడు బాబూ.

మా బావ అసిరయ్యని... మా ఆయనకి అన్న... సముద్రం తీసుకుపోనాది. వేటకెళ్ళినాడు. తెప్ప ఒడ్డుకొచ్చింది, మడిసి రానేదు. ఆ దుక్కం మా అత్త ఎప్పుడో దిగమింగీసిందనుకున్నాం. తోటెనకాల ఉన్నన్నాళ్ళూ సేపలెండేసుకుంది, సంతకెళ్ళింది, నవ్వింది కూడాను. ఈ కిటికీ కాడ కూకున్నాక మళ్ళీ మొదలెట్టింది. పొద్దు పొడిసిన కాణ్ణుంచీ అటే సూపు. అన్నం కలిపెడితే "ఉండవే, ఆడొచ్చినాక తింటాను" అనేది. తెరసాప కనబడితే సాలు, "అగ్గో, అసిరి!"

కిటికీ తలుపులేసుకోలేకపోనారా అంటారా? ఏసినాం. తీసీసేది. గొళ్ళానికి తాళమేసినాం. రెండు సేతులా బాదింది, ఏళ్ళు సితికి రగతాలొచ్చేదాకా బాదింది. ఎలాగ సూడ్డం?

ఒకరోజు నాను నీళ్ళకెళ్ళొచ్చేసరికి మంచం కాళీ. ఓలమ్మా, బిందె అక్కడే పడీసి పరిగెట్టినాను! అంతలోకి వలలాగేవోళ్ళు ఎత్తుకొత్తన్నారు. సీరంతా తడి, నోట్లో ఇసక. మోకాళ్ళు లేవనివ్వని మడిసి అలల్లోకెలాగెళ్ళిందో ఆ దేవుడికే తెల్లాల. "ఆడు పిలుత్తంటే నన్నెందుకాపీసినార్రా" అని ఆళ్ళనే తిట్టింది.

ఆ సాయంత్రమే మా ఆయన ఇటికలు తెచ్చినాడు. మేస్త్రీని పిలవనేదు. తనే కట్టినాడు.

మా అత్త ఒక పూటంతా ఆ గోడని తడిమింది. ఆనక ఇటు తిరిగి కూకుంది. "ఆకలేత్తంది, కూరేటే?" అనడిగింది. ఇప్పుడు కడుపునిండా తింటంది. మా గుంటకి జడేత్తంది. అసిరి పేరెత్తదు. మరి మీ నచ్చత్రాలు పెద్దవా, ఇది పెద్దదా? మీరే సెప్పండి.

అలాగని మాకు సుకంగా నేదు. ఇల్లు పొయ్యయిపోనాది. గుంటకి ఒళ్ళంతా సెమటకాయలు, గోకి గోకి పుళ్ళయిపోనాయి. ఫేన్లాపితే ఊపిరాడదు. రాత్రంతా వేటాడొచ్చిన మడిసికి పగలు కన్నంటుకోదు, తడిగుడ్డ కప్పుకుని అరుగుమీద పడుంటాడు. బిల్లెంతొత్తందో మీరే సూసినారు. రాయితీ ఎనక్కి లాగేత్తారా? లాగీయండి. మీ ఉద్యోగం మీది. ఎవుల్ననుకుంటాం?

ఏటి బాబూ, గోరుతో గీకుతన్నారు? అది సిమెంటు కాదు. ఒట్టి మట్టి.

నానూ అడిగినాను. "సిమెంటు బస్తా ఉంది కదా, మట్టెట్టి కడతన్నావేటి?" అని. ఇంకో వరసేసినాడు. అప్పుడు మెల్లగా, "అమ్మ ఇంకెన్నాళ్ళుంటాదే, తర్వాత ఇప్పుకోడానికి సులువు" అన్నాడు. అనీసి మొకం పక్కకి తిప్పుకున్నాడు. కన్నకొడుకే అంటే నానేటంటాను? ఇటికలందించినాను.

ఏటన్నారు? గడువా? ఏడాదిలోగా కిటికీ తెరిసీసి సూపిత్తే బిళ్ళుంటాదీ, రాయితీ ఉంటాదీ?

మెల్లగా అనండి బాబూ, ఆమె లోపలే ఉన్నాది.

మీరు మంచోరు, సల్లగుండాల. ఇంకొకరైతే ఇంతసేపు ఇనరు కూడాను. కానీ బాబూ, సిగ్గిడిసి ఒక మాట సెప్తాను. ఎవుల్తోనూ అనకండి, మా ఆయన్తో అసలే అనకండి. ఏడాదని మీరనగానే నా మనసులోకి ఏటొచ్చిందో తెలుసా?

ఏడాదంటే సరిపోతాదిలే, అనుకున్నాను.

నాను బాబూ. రోజూ ఆమెకి అన్నమెట్టే నాను.