దర్జీ వేసిన లంగరు

దర్జీకి ఈత రాదు. ఆ సంగతి ఎవరూ అడక్కముందే తనే చెప్పేస్తాడు, అక్కడితో ఆ పూట నిజం వంతు తీరిపోయినట్టు.

"బకెట్లో నీళ్ళు ఊగినా నాకు కళ్ళు తిరుగుతాయి, ఒప్పుకుంటాను," అన్నాడు కుట్టుమిషను ముందు కూర్చుని, గుండీ కుట్టిన దారం పళ్ళతో తెంపుతూ. "కానీ ముడి అంటావా..."

షాపు అరుగు మీద టీ తాగుతున్న తాళాల రిపేరాయన, మొదలైందన్నట్టు కాళ్ళు చాపుకున్నాడు. పక్కనే కూర్చున్న దర్జీ చెల్లెలు మాత్రం నవ్వలేదు. రేపు కూతుర్ని సముద్రానికి తీసుకెళ్తోంది. గాలి ఊదిన రబ్బరు తెప్పకి లంగరు తనే కడతానని దర్జీ మేనకోడలికి మాటిచ్చేశాడు. చెల్లెలు వద్దంటే, రేపు ఆ పిల్లకి మొహం ఎలా చూపించాలో ఆయనకి తెలీదు. అందుకే పోయిన వేసవి సంగతి ఎత్తుకున్నాడు.

"గాలి తెప్పంటే ఏమనుకున్నావోయ్? వదిలేశామా, గాలి ఎటు తోస్తే అటే. అందుకని డేరా గుడ్డతో సంచి కుట్టాను, రెండు వరసల కుట్టు! నిండా తడి ఇసుక కూరి, మూతి బిగించి తాడు కట్టాను. తాడు లోతుకి నాలుగైదింతలు ఉండాలి, పొట్టిదైతే అల లేచినప్పుడల్లా సంచినీ లేపేస్తుంది. ఆ తాడు తెచ్చి తెప్ప కడియానికి ముడేశాను. అబ్బ, ఏం ముడి! బావగారు ఎక్కి పడుకున్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నువ్వు చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?" అన్నాడు రిపేరాయన.

"మేడంత అల! తెప్ప కదిలిందా? ఊహూ. అలే రెండుగా చీలి చెరో పక్కా పోయింది, బావగారి మీసం కూడా తడవలేదు. ఇంతలో ఓ ఓడ వచ్చి నా తాడుకి తగులుకుంది. ఇంజను గుర్రుమంటోంది, పొగ కక్కుతోంది, ఓడ మాత్రం అక్కడే! కెప్టెన్ పైనుంచి దండం పెట్టి, 'అయ్యా, ముడి విప్పండి, ఇంటిదగ్గర పిల్లలున్నారు' అన్నాడు."

"పాపం. విప్పావా?"

"విప్పేలోపే తిమింగలం వచ్చి తాడు పట్టుకుంది, అదీ చుట్టపక్కాలతో సహా! అవి అటు, ఓడ ఇటు. తాడు తెగదు, ముడి జారదు, సంచి లేవదు. ఇంకేముంది, సముద్రం అడుగే కదిలింది! ఒడ్డు ఒడ్డంతా, గొడుగులూ కుర్చీలూ మొక్కజొన్న పొత్తుల బండితో సహా లోపలికి జరిగిపోయింది. కావాలంటే చూడు, బస్సు దిగాక ఇప్పుడు ఇదివరకటికన్నా ఎక్కువ నడవాలి."

రిపేరాయనకి టీ పొలమారింది. దర్జీ మెడలో టేపు సర్దుకుని చెల్లెలి వైపు తిరిగాడు. "ఏమ్మా, అబద్ధమా?"

"సంచి నిజమే అన్నయ్యా. తాడూ నిజమే, ముడీ నిజమే. ముడేశాక ఏం చేశావో అది వదిలేశావు."

"ఏం చేశాను?"

"ఏ గుండీ కుట్టినా చేసేదే. ముడేసి, కాస్త వెనక్కి వంగి మురిపెంగా చూసుకుని, జేబులోంచి కత్తెర తీసి, మిగిలిన తాడు టక్కున కత్తిరించేశావు. ఆ మిగిలిన తాడు చివరేగా సంచి ఉంది!"

దర్జీ చెయ్యి జేబు మీదికి పోయింది.

"సంచి అడుగునే ఉంది, ముడి తెప్పకే ఉంది. మా ఆయన నిద్రలేచేసరికి ఒడ్డే కనబడలేదు. చేపల పడవవాళ్ళు తెచ్చి దింపారు."

రిపేరాయన అరుగు మీద పడి పడి నవ్వాడు. ఆ నవ్వు తగ్గాక దర్జీ గొంతు సన్నగా వినబడింది. "ముడి జారిందా? అది చెప్పు."

"జారలేదు. ఇప్పటికీ విప్పలేక చస్తున్నాం." ఆవిడ లేచి చెయ్యి చాపింది. "పిల్లకి మాటిచ్చావు కాబట్టి రేపు నువ్వే కట్టు. కట్టాక నేను లాగి చూస్తాను. కత్తెర ఇటియ్యి."

దర్జీ మొహం వెలిగిపోయింది. వెంటనే కత్తెర ఇచ్చేసి, ఆ ఉత్సాహంలో ఇంకో గుండీ కుట్టి, దారం పటుక్కున కొరికాడు.

అరుగు దిగుతున్న చెల్లెలు ఆగింది.

"అన్నయ్యా, ముడేసేటప్పుడు నోట్లో మొక్కజొన్న పొత్తు పెట్టుకో."