రెండింటి మాట

మునిగిన పడవలో చిక్కుకున్న చిన్న బావమరిది కోసం బావ ఇరవై మీటర్ల లోతుకు దిగాడు. వదిలిన ఊపిరినే శుభ్రం చేసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ ఇచ్చే యంత్రం అతని వీపున ఉంది; అందులో ఆక్సిజన్ ఎంతుందో మూడు సెన్సర్లు చూపిస్తాయి. దాన్ని సిద్ధం చేసిన పెద్ద బావమరిది ఒడ్డున, బావ ముసుగుకు తీగతో కలిపిన ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

"మళ్లీ చెప్పు బావా. మూడు సెన్సర్లూ ఎంత?"

"ఒకటి, ఒకటి, ఒకటీ పాయింట్ ఆరు. మూడోదానికి పిచ్చెక్కింది."

"యంత్రంలో మామూలు గాలి నింపి చూడమన్నాను."

"నింపాను. మూడూ పాయింట్ ఆరుకి దిగాయి. కాసేపటికి మళ్లీ ఇదే గోల. రెండేమో ఒకటి దగ్గర ఆగుతాయి, అది మాత్రం ఎక్కుతూ పోతుంది."

"ఆగుతాయా? అసలు కదలకుండా?"

"కదలవు. బుద్ధిమంతులు."

"బుద్ధి కాదు, వాటికి సత్తువ అయిపోయింది. అంతకు మించి చూపించలేవు. యంత్రం ఆ రెండింటి మాటే విని ఇంకా చాల్లేదని ఆక్సిజన్ పోస్తోంది. ఆక్సిజన్ వాల్వ్ కట్టెయ్."

"కట్టేశాక మూడోదే అబద్ధమని తేలితే? ఊపిరి చాలక ఇక్కడే పోతాను."

"అయితే స్పేర్ సిలిండర్ అందుకో."

"దాని గొట్టం మీ తమ్ముడి నోట్లో ఉంది."

"వాడింకా బయటికి రాలేదా?"

"వాడి కాలి మీద ఇంకొక్క రేకుంది. కోస్తున్నా. పది నిమిషాలు."

"పది నిమిషాలు లేవు. ఈ లోతులో ఆక్సిజన్ ఎక్కువైతే ముందు పెదవి, కన్ను అదిరి, ఆపై మూర్ఛ వస్తుంది. పెదవి అదురుతోందా?"

"చలికి."

"బావా."

"కొంచెం. నువ్వు భయపెట్టకు."

"నీ కాళ్లు పట్టుకుంటా. వాల్వ్ కట్టేసి మళ్లీ మామూలు గాలి నింపు. తర్వాత మూడోదాన్ని చూస్తూ ఆక్సిజన్ చేత్తో కొంచెం కొంచెం ఇచ్చుకో."

"ఆ రెండూ నువ్వు పరీక్షించినవి రా. కాగితం మీద నీ సంతకం చూసే దిగాను."

"సంతకం సంగతి తర్వాత."

"తర్వాత ఎప్పుడు? నువ్వు చూసిన రెండింటినీ కాదని, పొద్దున మీ అక్క హడావిడిగా బిగించిన ఒక్క కొత్తదాన్ని నమ్మాలా?"

"నమ్ము."

"ఎందుకు?"

"నమ్మమంటున్నాగా."

"కన్ను కూడా అదురుతోంది. తిన్నగా చెప్పు. పరీక్షించావా, లేదా?"

"లేదు బావా. అక్క మూడూ మార్చబోయింది. రెండింటికి నా సంతకం ఉంది, నువ్వెవరు నన్ను తప్పుపట్టడానికని దాని చెయ్యి పట్టుకుని ఆపాను."