ఇసుక బస్తాకి సీటు

సెలవు రోజు ఉదయం. వంటింట్లో భార్యాభర్తలు.

"తెడ్డు ఏదని అడుగుతున్నాను."

"షెడ్డులో నాలుగున్నాయి. ఏది కావాలి?"

"అవి పడవ తెడ్లు. నేను అడిగేది వంట తెడ్డు. కూర అడుగంటకుండా కలిపేది."

"ఓ, ఆ చెక్కదా."

"ఆ చెక్కదే. ఎక్కడుంది?"

"ఎక్కడికి పోతుంది, ఇంట్లోనే ఉంటుంది. వెతుకు."

"వెతికాకే అడుగుతున్నాను. మీ చేతికి ఆ జిగురేమిటి?"

"వార్నిష్."

"వార్నిష్ దేంతో కలిపారు?"

"ఒక్కసారే కలిపాను. కడిగి ఇచ్చేస్తాను."

"కడిగితే పోయేదైతే పడవకెందుకు పూస్తున్నారు?"

"చెక్కముక్క కోసం పొద్దున్నే రాద్ధాంతం చేయకు. ఇదే ఆఖరి పూత."

"పోయిన నెలా ఆఖరి పూతే. ఎన్నోది ఇది?"

"ఆరు."

"ఏడు. మూడేళ్లుగా ఆ పడవకి పూతలే పూతలు. మామయ్య దాంతో కప్పు గెలవడానికి పట్టింది పది నిమిషాలట."

"పందెం పడవ వేరు, ఇంటిల్లిపాదీ షికారుకెళ్లే పడవ వేరు. దాన్ని ఇలా మార్చాలంటే బుర్ర కావాలి. నీకేం తెలుసు?"

"తెలియదు కాబట్టే చూస్తున్నాను. టీ గ్లాసులు పెట్టుకోవడానికి గుంటలు తొలిపించారు. ఎండ తగలకుండా పైన గుడ్డ కట్టించారు. ఇత్తడి పలక మీద మామయ్య పేరు, దాని కింద అంతకంటే పెద్ద అక్షరాల్లో మీ పేరు. ఇన్ని చూసింది గానీ, నీళ్లు మాత్రం చూడలేదు పాపం ఆ పడవ."

"తొందరపడితే పనులు పాడవుతాయి."

"మీరు తొందరపడ్డారని ఇంతవరకూ ఎవరూ అనలేదు. సీట్లు ఎన్ని?"

"ఏం?"

"ఊరికే. సీట్లు ఎన్ని?"

"నాలుగు."

"మనం అయిదుగురం."

"పిల్లలిద్దరూ, అమ్మా, నేనూ. నీకు నీళ్లంటే భయం కదా."

"ఎవరన్నారు?"

"అందరికీ తెలిసిందే. పెళ్లయిన కొత్తలో షికారు పడవెక్కితే సగం దూరంలో వెనక్కి తిప్పించాం. నువ్వు ఏడ్చావని."

"నేను ఏడ్చానా?"

"అదే... అందరికీ అదే తెలుసు."

"అందరికీ ఎలా తెలిసిందో నాకు తెలుసు. ఆ పడవలో ఉన్నది మనిద్దరం, పడవవాడు. పడవవాడు మనింటికి వచ్చి చెప్పలేదు."

"పదమూడేళ్ల నాటి మాట ఇప్పుడెందుకు తవ్వుతావు?"

"తవ్వింది మీరు. నేను తెడ్డు అడిగాను."

*

పెరటి షెడ్డులో ఆమె, వడ్రంగి మేస్త్రి.

"మేస్త్రీ, తోక దగ్గర ఆ బస్తా ఏమిటి?"

"ఇసుకమ్మా. సారు పెట్టించారు."

"పడవలో ఇసుకెందుకు?"

"ఇది ఎనిమిది మంది కండలు తిరిగిన మగాళ్ల కోసం చేసిన పడవమ్మా. మధ్యలో కోసి పొట్టి చేశాం గానీ, ఒళ్లు ఇప్పటికీ సన్నందే. మీ వాళ్లు నలుగురూ కూర్చుంటే తోక పైకి లేచి ఊగుతుంది. అక్కడ బరువుండాలని నేనే చెప్పాను."

"ఎంత బరువు?"

"ఒక మనిషంత. సారే దగ్గరుండి తూకం వేయించారు. యాభై అయిదు కిలోలు."

"యాభై నాలుగు కాదు, యాభై ఆరు కాదు."

"కాదమ్మా. గుప్పెడు ఇసుక ఎక్కువైతే తీయించారు కూడా."

"అది నా బరువు మేస్త్రీ."

"నేనేమీ అనలేదమ్మా."

"మీరేం అంటారు. అడుగున మెత్త కూడా వేసినట్టున్నారే."

"మెత్త కాదు, గోనె మడత. బస్తా రాసుకుని వార్నిష్ పోతుందని."

"నా కింద ఎప్పుడూ ఏదీ మడతపెట్టి వేయలేదు. బస్తాకున్న మర్యాద అది. పందాల రోజుల్లో ఈ చోట ఏముండేది?"

"చుక్కాని మనిషి. తెడ్లు వేసేవాళ్లంతా వీపు ముందుకి పెట్టి కూర్చుంటారు కదమ్మా, పడవ ఎటు పోతోందో వాళ్లకి కనబడదు. దారి చూసేది ఈ ఒక్కడే."

"మరి ఇప్పుడు దారి చూసేదెవరు? బస్తానా?"

"నేనూ అదే అడిగాను. తెడ్డు వేస్తూ మధ్యమధ్య తల తిప్పి చూసుకుంటానన్నారు."

"సంసారం కూడా అలాగే నడిపారు లెండి. ఒక్క మాట నిజం చెప్పండి. ఈ పడవ పని ఎప్పుడు అయిపోయింది?"

"అయిపోయిందంటే..."

"అయిపోయిందనే అడుగుతున్నాను."

"ఏడాదిన్నర అవుతుందమ్మా."

"ఏడాదిన్నర."

"దింపుదాం సారూ అంటే ఇంకో పూత అంటారు. మబ్బుంటే వానొస్తుందంటారు, మబ్బు లేకపోతే ఎండంటారు. ఒకసారి బండి మీద కాలువ దాకా తీసుకెళ్లాం కూడా. గట్టు మీద నిలబడి నీళ్లకేసి చూశారు, చూశారు. పలక మీద ఒక అక్షరం వంకరపోయిందన్నారు. తిప్పుకుని వచ్చేశాం."

"అక్షరం వంకరపోయిందా నిజంగా?"

"నాకు చదువు రాదమ్మా. నాకు తిన్నగానే కనబడింది."

"బస్తా మూతి విప్పండి."

"సారు కేకలేస్తారమ్మా."

"వేయనివ్వండి. ఇసుక ఆ మూలన పోసేయండి. వచ్చే ఆదివారం పొద్దున్నే బండి తీసుకుని రండి. ఆయన్ని అడగక్కర్లేదు."

*

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ. మొదట మాట్లాడింది అత్తగారు.

"కూర మాడింది."

"తెడ్డు లేదు అత్తయ్యా. మీ అబ్బాయి దాంతో వార్నిష్ కలుపుకున్నారు."

"వాళ్ల నాన్న తెడ్డు పడితే కప్పు వచ్చింది. వీడు తెడ్డు పడితే మాడు కూర వచ్చింది."

"అమ్మా, మొదలుపెట్టకు."

"నేను మొదలుపెట్టేదేముంది, నువ్వు పూర్తి చేసేదేదన్నా ఉంటే చెప్పు. కప్పు తెచ్చిన పడవని రంపం పెట్టి కోయించావు. పోనీలే, నన్నూ ఎక్కిస్తాడని ఊరుకున్నాను. మీ నాన్న నన్నెప్పుడూ ఎక్కించలేదు. నేను పోయేలోగా దింపుతావా?"

"ఇంకొక్క పూత..."

"పూతలకి పడవ లావెక్కింది. బాతు కడుపున కోడి పుట్టినట్టు పుట్టావురా."

"అత్తయ్యా, వచ్చే ఆదివారం పడవ దింపుతున్నాం. బండికి చెప్పేశాను."

"ఎవరినడిగి చెప్పావు?"

"మిమ్మల్ని అడిగితే ఎనిమిదో పూత అంటారని ఎవరినీ అడగలేదు."

"కుదరదు. తోక దగ్గర బరువు ఇంకా సరిచూడాలి."

"చూడక్కర్లేదు. బస్తా విప్పించేశాను. ఆ చోట నేను కూర్చుంటున్నాను."

"నువ్వా?"

"బరువు సరిపోతుంది. మీరేగా తూకం వేయించారు."

"ఏ బస్తా? ఏం తూకం? నాకు చెప్పరేం?"

"ఏం లేదమ్మా, చిన్న..."

"అమ్మ కూర్చునే చోట నాన్న ఇసుక బస్తా పెట్టాడు నానమ్మా. అమ్మంత బరువు. నేను చూశాను."

"నువ్వు తిను, పెద్దవాళ్ల మాటల్లోకి రాకు."

"దాన్ని కసురుతావేం? కట్టుకున్నదాన్ని ఒడ్డున వదిలేసి బస్తాని షికారు తీసుకెళ్తావట్రా?"

"దానికి నీళ్లంటే భయం అమ్మా. నీకు తెలుసుగా. నడి నీళ్లలో కెవ్వుమంటే పిల్లలు హడలిపోతారు. దాని మంచికే పెట్టాను."

"అదీ నిజమేనే కోడలా. పెళ్లయిన కొత్తలో పడవలో గగ్గోలు పెట్టావటగా. వీడే చెప్పాడు. నేను నలుగురికీ చెప్పి నవ్వాను కూడా."

"తెలుసు అత్తయ్యా. పదమూడేళ్లుగా నవ్వుతున్నారు. నేనెప్పుడైనా కాదన్నానా?"

"అనలేదు."

"ఏమండీ, మీరు చెప్పండి. కాదన్నానా?"

"అన్నం తిను. చల్లారిపోతోంది."

"చల్లారనివ్వండి. ఒక్కసారే అడుగుతాను. ఆదివారం చుక్కాని దగ్గర నేను కూర్చోవచ్చా?"

"చెప్పానుగా, నీకు భయమని. నువ్వు కూర్చోలేవు. ఇంక వదిలెయ్."

"సరే, వదిలేశాను. అత్తయ్యా, పిల్లలిద్దరూ బడిలో ఈత నేర్చుకున్నారు."

"అవును, చిన్నాడికి పతకం కూడా ఇచ్చారుగా."

"మీరు కాలువ పక్కన పెరిగిన మనిషి, మీకూ వచ్చు. నాకు కాలేజీలో ఉండగానే వచ్చు."

"నీకు ఈత వచ్చా?"

"కాలేజీ పోటీల్లో రెండో స్థానం. ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పడవలో ఉండేది అయిదుగురం, ఈత వచ్చినవాళ్లం నలుగురం. ఆ మిగిలిన ఒక్కరూ నీళ్లలో పడితే బస్తా దూకదు అత్తయ్యా. నేను దూకాలి."

"ఎవరే ఆ ఒక్కరు?"

"ఆ రోజు నడి నీళ్లలో నా రెండు చేతులూ పట్టుకుని గగ్గోలు పెట్టిన మనిషే. ఏమండీ, మాడని కూర కొంచెం పక్కన తీసి ఉంచాను, వేయనా?"