రంగు వదిలిన గుంట

మంగళగిరిలో నూలుకు రంగులేసే రామలింగం గారి పెరడు. పాత రంగునీళ్ళ గుంట పక్కన నులక మంచం మీద ఆయనా, కింద చిక్కుళ్ళు ఒలుస్తూ భార్య రావమ్మా, ఎదురుగా కుర్చీలో, విజయవాడ గవర్నర్‌పేట ల్యాబ్ నుంచి మట్టి పరీక్ష ఫలితంతో వచ్చిన ఫౌజియా.

“అటూ ఇటూ తిప్పకుండా చెప్పమ్మా ఫౌజియా. పాసా, ఫెయిలా?”

“మట్టికి పాసూ ఫెయిలూ ఉండవండీ రామలింగం గారూ.”

“అంటే ఫెయిలే. విన్నావటే రావమ్మా?”

“విన్నా. ముందు ఆ అమ్మాయిని చెప్పనియ్యండి.”

“చెప్పేదేముంది, కళ్ళకి కనపడట్లా? ఈ గుంటలో రంగునీళ్ళు పొయ్యడం మానేసి ఎన్నేళ్ళయిందో. ఇప్పటికీ గోటితో గీరితే కుంకుమే. నా ఖర్మ.”

“ఆయన తొందర వేరేలేమ్మా. సాయంత్రానికి బోరు బండి వస్తోంది.”

“తొందరుండదా మరి? మా అమ్మాయి నాగదుర్గ పురిటికొచ్చిందమ్మా. నెలలు నిండుతున్నాయి. మున్సిపాలిటీ పంపు చూస్తే రోజు విడిచి రోజు. పురుడొచ్చేలోపు మా నీళ్ళు మాకుండాలని నా తాపత్రయం. ఈ మట్టి చూస్తే ఇట్టా ఏడిచింది.”

“బోరు వేసుకోండి.”

“ఆఁ?”

“వేసుకోండంటున్నా. ఆ మూల, గుంటకి దూరంగా. వేశాక నీళ్ళు ఒకసారి పరీక్ష చేయించి వాడుకోండి. పై మట్టిలో రంగుంది, నిజమే. లోతుగా తవ్వి తీసిన ఊటనీళ్ళలో మాత్రం ఏమీ లేదు.”

“ఇంత ఎర్రగా ఉంటే?”

“ఎర్రగా ఉంది కాబట్టే. మీది నల్లరేగడి. దాంట్లో బంక ఉంది, కుళ్ళిన ఆకూ అలమూ ఉంది. రంగుని పట్టుకుని కూచుంది, మీ నూలు పట్టుకున్నట్టే. ఇన్ని వానలు పడ్డా వదల్లేదు.”

“నా రంగు వదలదమ్మా. ఆ మాట ఎవరైనా చెప్తారు. నేను రంగేసిన నూలుతో నేసిన చీర, ఎన్ని ఉతుకులు ఉతికినా...”

“ఇప్పుడు చీరల సంగతెందుకు?”

“నువ్వు చిక్కుళ్ళు ఒలువు.”

“కాకపోతే ఆ గుంట జోలికి వెళ్ళొద్దండీ. తవ్వొద్దు. దాని చుట్టుపక్కల ఆకుకూరలు వెయ్యొద్దు, గేదెని కట్టెయ్యొద్దు. ఉన్నదాన్ని ఉన్నచోట ఉండనివ్వండి.”

“ఇదేం లెక్కమ్మా? రంగున్న మట్టే మంచిదంటున్నావు.”

“మంచిదనలేదండీ. ఎక్కడుందో తెలుస్తోందన్నా. నాకు భయమేసేది రంగు పోయిన చోట.”

“పోయిన చోట భయమేంది? పోయిందిగా.”

“ఎక్కడికి పోతుందండీ?”

“ఎక్కడికంటే... పోద్ది. మట్టి తినేస్తది.”

“అవును, తింటుంది. మట్టిలో సూక్ష్మజీవులుంటాయి. పైన మూసేసి గాలి తగలకుండా చేసి, తినడానికి ఇంకేదన్నా కూడా పెడితే అవి రంగుని ముక్కలు చేసేస్తాయి. ఆ ముక్కలకి రంగుండదు. కొన్ని రంగులకైతే అసలు కంటే ముక్కలే ప్రమాదం. పైగా అవి మట్టిని సరిగ్గా అంటిపెట్టుకోవు. నీళ్ళతో పాటు కిందకి దిగిపోతాయి.”

“తినడానికి ఇంకేదన్నా అంటే?”

“పిండి, బెల్లం, ఏదైనా. మీ చేనేత వాళ్ళ ఇళ్ళలో అయితే గంజి.”

“గంజి.”

“నూలుకి పెట్టగా మిగిలిన గంజి పారబోస్తారు కదా. అది గుంటలో పడితే వాటికి పండగే.”

“మా గుంటలో పడలేదు.”

“అందుకే మీది ఇంకా ఎర్రగా ఉంది. ఎందుకు పడలేదు?”

“నేను పొయ్యనియ్యలేదమ్మా.”

“నిన్నెవరడిగారే?”

“అమ్మాయి అడిగింది. గంజంతా గేదెకి పోశానమ్మా. ఈయనేమో గుంటలో పొయ్యి, పైన నాపరాయి మూత పెట్టు, రెండేళ్ళలో రంగంతా పోద్దని ఒకటే పోరు. గంజి తాగితే గేదె పాలిస్తది, గుంట ఏమిస్తది అన్నాను. ఏడాది పొడుగునా అదే గొడవ మాకు.”

“గంజి పోస్తే రంగు పోతుందని మీకెవరు చెప్పారండీ?”

“ఎవరో అన్నారు.”

“ఎవరన్నారు?”

“నువ్వుండవే.”

“ఈయనే కనిపెట్టాడమ్మా. ఒకసారి గంజి కలిసిన తొట్టి మూతపెట్టి మర్చిపోయాడు. నెల తర్వాత తీస్తే రంగు లేదు. కంపొకటే మిగిలింది. ఇక ఆ రోజు నుంచి ఈయన్ని పట్టలేం.”

“రామలింగం గారూ, అలా ఇంకెవరైనా చేశారా?”

“ఎవరో ఒకరిద్దరు.”

“ఒకరిద్దరా?”

“నలుగురనుకో.”

“నలుగురా?”

“ఏమే, ఆవిడడుగుతోంది చాలదా, నువ్వు కూడానా? వీధిలో వాళ్ళు చేశారమ్మా. రంగుపని షెడ్డుకి మారాక ఎవరి పెరట్లో గుంట వాళ్ళకి పీడై కూచుంది. నన్నడిగారు. చెప్పా. చెప్పకుండా ఉంటానా, అందరూ మనవాళ్ళే.”

“రంగు పోయిందని ఎవరు తేల్చారు?”

“నేనే. తడిమట్టి తీసి తెల్లగుడ్డ మీద రుద్దుతా. మరక అంటితే ఇంకో ఏడాది ఆగమంటా. అంటకపోతే బోరు వేసుకోమంటా. నా కంటికి చిక్కని రంగు లేదమ్మా. నీలంలో చిటికెడు నలుపు పడితే ఆ గుమ్మంలోంచి చెప్తా.”

“మీ కంటిని నేనేమీ అనట్లేదండీ. మీరు రంగు లేదన్నచోట రంగు లేదు. అది నిజమే.”

“మరి?”

“లేనిది రంగొక్కటే.”

“ఏమండీ, మంచినీళ్ళిమ్మంటారా?”

“వద్దులేవే. చవితి పందిట్లో నాకు శాలువా కప్పారమ్మా. వీధిని బాగుచేసిన పెద్దాయనని మైకులో చెప్పారు. ఆ శాలువా బీరువాలో ఉంది.”

“బీరువాలో లేదు. నాగదుర్గకి దిండు కింద వేశా.”

“వాళ్ళు ఆ నీళ్ళు తాగుతున్నారా, రామలింగం గారూ?”

“తాగరా? పంపు నీళ్ళకన్నా తియ్యగా ఉంటాయని చెప్పుకుంటారు. నాకు సిగ్గుగా ఉందమ్మా. భయంగానూ ఉంది. అన్నీ చెడిపోయాయంటావా?”

“అలా అనను. కొన్ని బాగానే ఉండొచ్చు. చూస్తేగానీ తెలీదు. చూసేదాకా మాత్రం ఎవరూ తాగకూడదు. ఆ మాట మీరే చెప్పాలి.”

“నేనా?”

“నేను చెప్తే వినరండీ. నేనెవర్ని? మీరు వేసుకోమంటే వేసుకున్నారు, మీరు ఆపమంటే ఆపుతారు.”

“శాలువా వెనక్కిమ్మంటారేమో.”

“ఇచ్చేద్దాం. దిండు కింద ఇంకేదన్నా వేస్తా.”

“సరే. వెళ్తా. ఇప్పుడే వెళ్తా. చెప్పులెక్కడే? ముందు ఎవరింటికి వెళ్ళమంటావమ్మా?”

“ఏ గుంటలో రంగు అన్నిటికన్నా ముందు పోయిందో ఆ ఇంటికి.”

“అయితే ఎదురిల్లే. భానుచందర్‌ది. మూతపెట్టిన ఏడాదికే గుడ్డ మీద రుద్దితే మల్లెపువ్వు. నమ్మనోళ్ళకి ఆ గుంటే చూపించేవాణ్ణి.”

“వాళ్ళింట్లో చిన్నపిల్లలున్నారా?”

“లేరు. మొగుడూ పెళ్ళామూ విజయవాడలో బట్టలకొట్టు నడుపుతారు. పొద్దున పోతే మళ్ళీ రాత్రికే రావడం. ఇంట్లో తాగేది గ్లాసెడు. పోనీ, అదొక్కటీ నయం.”

“నయం కాదు.”

“ఏందే నయం కాదు?”

“చెప్పండి అమ్మాయికి.”

“ఏం చెప్పమంటావు?”

“ఆ బోరు నీళ్ళు ఎవరు తాగుతున్నారో.”

“నువ్వే చెప్పవే.”

“చెప్పండమ్మా, ఎవరు?”

“ఈ రంగుమట్టి మధ్య ఉన్న మన పంపుని నమ్మనన్నాడమ్మా ఈయన. నాగదుర్గ పురిటికొచ్చిన రోజు నుంచీ ఎదురింటి నీళ్ళే తాగుతోంది, రోజూ రెండు బిందెలు ఈయనే భుజాన మోసుకొస్తున్నాడు.”