పాకాల గట్టు మీద విస్తరి

పాకాల చెరువు గట్టు, పొద్దున పదకొండు గంటలు. ఉపేందర్, భానుచందర్ చనిపోయిన దోస్తు యాదగిరి పేరు మీద నీళ్ల దగ్గర అన్నం విస్తరి పరిచి, దూరంగా వచ్చి బండి పక్కన కూర్చున్నారు.

“కుక్క వస్తాంది, కుక్క! కొట్టు భానూ!”

“హడీ! పో! … పోయింది తియ్.”

“కుక్క ముడితే లెక్కకు రాదట. పిట్టనే ముట్టాలె. పెద్దమ్మ పదిసార్లు చెప్పింది.”

“నాకు చెప్పలేదా? గంటన్నర అయింది ఉప్పీ. ముట్టిందని చెప్పి పోదాం పా.”

“యాదగిరి పోయి ఇయ్యాల్టికి పదొద్దులు. మూడోనాడు ఇంటికాడ పెడితే ముట్టలే. ఐదోనాడు వాన్ని బూడ్చిన బొందలగడ్డకాడ పెడితే ముట్టలే. వాడు సచ్చిన కాడనే పెట్టి రాండ్రని మనల పంపింది. రేపు దినాలు. ఇయ్యాల గూడ ముట్టకపోతే, కన్నతల్లి, ఆమె ముద్ద ముట్టదు భానూ.”

“పిట్టలకేం తెల్సురా? వాటికి ఆకలి కాలే, అంతే.”

“అందరికి పెడితే తింటయి. వీనికే ఆకలి కాదా? ఏదో కోరిక మిగిలిందంటది పెద్దమ్మ.”

“అయితే మొక్కు. వాడు కోరింది చేస్తమని మొక్కితే ముడ్తదంటరు గదా.”

“ఏమని మొక్కాలె?”

“డిగ్రీ చదివినోనివి, నన్నడుగుతానవ్. జరుగు, నేనే మొక్కుత. అరేయ్ యాదిగా, మీ చెల్లె భవానిని మేం చదివిపిస్తం రా. బోటికూర తెచ్చినం. జర ముట్టురా, నీయవ్వ.”

“తిట్టకురా.”

“తిట్టకుండ ఎన్నడు పిలిచిన వాన్ని?”

“… తుమ్మచెట్టు మీదున్నది కాకి. ఇటు చూస్తనే లేదు.”

“చూస్తది. ఓపిక పట్టు.”

“ఆ దినం ఎంత ఖుషీగ వచ్చినం రా! హసన్‌పర్తి నుంచి రెండు బండ్ల మీద ముగ్గురం. నర్సంపేట దాటినంక వాడు చేతులిడిసి నడిపిండు. గట్టెక్కి నీళ్లు చూసి, ఇన్ని నీళ్లా అని నోరు తెరిచిండు.”

“ఇప్పుడెందుకది?”

“అగో, గా మట్టి తవ్విన గుంత. నీళ్ల కింద కనవడదు. బండితోని అండ్లనే మునిగిండు వాడు.”

“నాకు చూపియ్యకు.”

“ఒడ్డు పొంటి నీళ్లల్ల బండి నడుపు, వీడియో తీస్తనన్నవ్. నాకు ఈత రాదన్నడు వాడు.”

“నేనొక్కన్నే అన్ననా? భయపడ్తాండు చూడుమని నవ్వింది ఎవలు?”

“నేనే. వీడియోల నా నవ్వే ఉండే. వాడు చేతులు కొట్టుకుంటాంటే నాటకమాడుతాండనుకున్న. నాకు ఈతొచ్చు భానూ. ఈతొచ్చి నవ్వుకుంట నిలవడ్డ.”

“ఆ వీడియో లేదిప్పుడు. తీసేసిన. మనం చాయ్ తాగబోయినం, వచ్చేవరకు బండి నీళ్లల్ల ఉన్నది. పోలీసులకు అదే చెప్పినం, పెద్దమ్మకు అదే చెప్పినం. అయిపోయింది.”

“గందుకే ముడ్తలేదేమో.”

“ఏంది?”

“నిజం చెప్తమని మొక్కుదాం. ఒక్కసారి.”

“పిచ్చి లేసిందా? వచ్చే నెల నాకు కానిస్టేబుల్ ట్రైనింగు. కేసైతే నౌకరి పోతది. మా బాపు సాంచాల మీద బట్ట నేసి నేసి ఊపిరి తీసుకోలేకపోతాండు. దవాఖానకు ఎవలు తీస్కపోతరు?”

“పెద్దమ్మను ఎవలు తీస్కపోతరు?”

“… నిజం చెప్తే వాడు లేసొస్తడా?”

“రాడు.”

“మరి?”

“అరేయ్ యాదగిరీ… తప్పు మాదే రా. ఇంటికి పోంగనే మీ అమ్మకు…”

“ఉప్పీ, బంద్ చెయ్.”

“మీ అమ్మకు అంతా చెప్త. ఒట్టు. నువ్వు… భానూ! దిగింది!”

“ఏది?”

“కాకి! విస్తరి కాడికే వస్తాంది. కదలకు, కదలకు…”

“హుష్! హేయ్! పో!”

“కాకిని కొడ్తానవేందిరా భానూ! రాయి కింద పడెయ్!”

“పో! పో నీయవ్వ!”

“… పోయింది.”

“పోనీ.”

“ముట్టేదిరా. జానెడు దూరమే ఉండే.”

“ముడితే నువ్వు చెప్తవు. నాకెరికే.”

“కట్ట దాటిపోయింది. ఇంక రాదు భానూ. ఇంక రాదు.”

“ఏడ్వకు. ఫోన్ మోగుతాంది. సమ్మమ్మ పెద్దమ్మ.”

“నేను మాట్లాడ.”

“ఎత్తకపోతే అనుమానమొస్తది. స్పీకర్ల పెడ్తాన, నువ్వు సప్పుడు చెయ్యకు. హలో, పెద్దమ్మా! ముట్టింది! ఇప్పుడే ముట్టింది!”

“నువ్వు కాదు భానూ, ఫోన్ ఉపేందర్‌కియ్యి. బిడ్డా ఉపేందర్, నువ్వు చెప్పు. నిజంగ ముట్టిందా?”

“… పెద్దమ్మా…”

“ఇక్కడ సిగ్నల్ సరిగ లేదు పెద్దమ్మా, ఇంటికొచ్చి…”

“నువ్వాగు భానూ. వాన్ని చెప్పనీ.”

“… ముట్టింది పెద్దమ్మా.”

“కడుపునిండ తిన్నడా?”

“… తిన్నడు.”

“మీ తప్పుంటే మీ చేతి బువ్వ వాడు ముట్టడనే మిమ్ముల పంపిన బిడ్డా. మీరే ఏమన్న చేసిన్రేమోనని పదొద్దుల సంది మనసుల పెట్టుకున్న. తప్పయింది, ఇద్దరి కాళ్లు మొక్కుత.”